ముప్ఫై ఒక్క మంది గీత

ఆఫీసులో ఆమెను అందరూ గీతలమ్మ అనేవారు. ఊళ్ళో ఎవరు ఎక్కడుంటారో, పనికి ఎక్కడికి వెళ్తారో గీతలుగా చూపించే పటాలు ఆమె గదిలోనే తయారయ్యేవి. జనం ఎక్కువ వెళ్ళే దారికి లావు గీత, తక్కువ వెళ్ళే దారికి సన్న గీత. గీత లావును బట్టే బస్సులు వేసేవారు. ఆ గీతల వెనకున్న అంకెలు తప్పో ఒప్పో తేల్చి సంతకం పెట్టడం ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని. గోడ గడియారాన్ని చేతి గడియారంతో పోల్చి చూస్తే తప్ప నమ్మని మనిషి. అలాంటి మనిషి సొంత చెల్లెలి మాట నమ్మకపోవడంలో వింతేముంది?

చెల్లెలు వంతెన అవతల మాంసం ఫ్యాక్టరీలో కత్తి పని చేసేది. తల్లి పోయేనాటికి దానికి ఆరేళ్ళు. జడలు వేసి, తిట్టి, కొట్టి, బడికి పంపి పెంచింది గీతలమ్మే. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే గది, రెండు మంచాలు. కొత్త పటం వచ్చాక వంతెన దాటే నాలుగు బస్సుల్లో మూడు తీసేశారు. అప్పటినుంచి చెల్లెలు రోజూ ఏదో ఒక గాయంతో ఇల్లు చేరేది. ఒకరోజు తెగిన చెవి, ఇంకోరోజు చిట్లిన పెదవి.

"అక్కా, బస్సు దగ్గర కొట్టుకు చస్తున్నాం" అంటే గీతలమ్మ కంచంలోంచి తలైనా ఎత్తలేదు.

"వంతెన మీదుగా పనికెళ్ళేది ముప్ఫై ఒక్క మందే. పన్ను కాగితాలతో అంకె అంకె సరిచూశాను."

"అయితే రేపొచ్చి నీ ముప్ఫై ఒక్కరి చేత తన్నులు తిను."

రోషం వచ్చి వెళ్ళింది. పొద్దున్న ఆరింటికే బస్టాపు కిటకిటలాడుతోంది. గీతలమ్మ చేతిలో నొక్కితే అంకె మారే చిన్న యంత్రం ఉంది. మొదటి నొక్కు చెల్లెలికే. ఐదు నిమిషాల్లో ముప్ఫై ఒకటి దాటిపోయింది. యంత్రం చెడిందేమోనని విదిలించి చూసి, మళ్ళీ నొక్కసాగింది. ఏడు కావస్తుండగా నాలుగు వందల పన్నెండు తేలింది.

"ఇప్పుడైనా నమ్ముతావా?" అని చెల్లెలు ఆ అంకె చూసి పకపకా నవ్వింది.

బస్సు ఆగీ ఆగకముందే జనం మీద పడ్డారు. ఒకడు ముందున్నవాణ్ణి జుట్టు పట్టి పడేసి, వాడి వీపు తొక్కి ఎక్కాడు. కండక్టరు మెట్టు మీద నిలబడి తోలు సంచీతో దొరికిన మొహమల్లా బాదాడు. ఎవరో అతని కాలు గుంజితే తల ఇనప మెట్టుకు తగిలి పగిలింది. కిందపడ్డ ఒకామె మీదనుంచి ఎంతమంది నడిచారో గీతలమ్మకే లెక్క అందలేదు. గీతలమ్మ డొక్కలోనూ ఎవరిదో మోచెయ్యి దిగింది. ఆమె కూడా ఎవరినో రక్కింది. రక్తం చూసి బెదిరిపోయిన డ్రైవరు బస్సు కదిలించాడు. లోపలివాళ్ళు తలుపు లాగి మూశారు. తలుపు పట్టుకున్న చెల్లెలు బస్సుతోపాటు పది గజాలు ఈడ్చుకుపోయి, కుడిచేతి వేళ్ళు మూడు అక్కడే పోగొట్టుకుని రోడ్డు మీద పడింది.

ఆసుపత్రిలో గుమస్తా చెల్లెలి మెడలోని గుర్తింపు కార్డు చూసి కాగితం నింపాడు. పనిచేసే చోటు: ఊరి నడిబొడ్డున మందుల షాపు పైన కాంట్రాక్టరు ఆఫీసు.

"అదేంటి బాబూ, ఫ్యాక్టరీ వంతెన అవతల కదా?"

"కార్డులో ఏముంటే అదే రాస్తామమ్మా."

గీతలమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పటంలో అన్నిటికన్నా లావు గీత వెళ్ళేది ఆ మందుల షాపు పైకే. ముప్ఫై ఒక్కరు ఫ్యాక్టరీ సొంత మనుషులు; మిగతా పనివాళ్ళందరికీ, వాళ్ళను పనికి పెట్టిన కాంట్రాక్టరు తన చిరునామాయే రాశాడు. పన్ను వాళ్ళు అదే ఎక్కించుకున్నారు, పటం వాళ్ళు అదే గీశారు. ఈవిడ ఆ కాగితాన్ని ఆ కాగితంతోనే సరిచూసుకుని మురిసిపోయింది. అక్కడున్నవి రెండు గదులు. నాలుగు వందల మంది అందులో ఎలా పడతారని ఒక్కసారైనా అనుకోలేదు. తల గోడకేసి బాదుకుంది. మాటవరసకు కాదు, నిజంగానే. నర్సు వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది.

రక్తం మరకల చీరతోనే ఆఫీసుకు వెళ్ళింది. పై అధికారి కోపం రాని, జాలి కలగని మనిషి. ఆఫీసంతా గోరువెచ్చనాయన అని పిలుచుకుంటుంది.

"సంతకం మీదేనమ్మా. ఇప్పుడు తప్పంటే మీకే ముప్పు."

"నాదే సార్. అందుకే వచ్చాను" అంటూ బల్ల మీది పేపర్ వెయిట్ తీసి, గోడకున్న పటాన్ని ఒక్క దెబ్బ వేసింది. అద్దం భళ్ళున పగిలింది. అరచెయ్యి తెగింది. ఆ చేత్తోనే కలం పట్టి, పటానికి అడ్డంగా 'తప్పు' అని రాసి కింద సంతకం చేసింది. గోరువెచ్చనాయన కుర్చీ వెనక్కి తప్పుకున్నాడు.

అంత జరిగినా ఆయన కదిలింది మాత్రం కండక్టర్లందరూ ఆ బస్సు ఎక్కేది లేదని మొండికేశాకే. నెల తిరిగేసరికి కొత్త పటం సంతకానికి వచ్చింది. వంతెన మీద గీత వేలంత లావుంది. దాని పక్కన నాలుగు వందల పన్నెండు. గీతలమ్మ కలం తీసింది. ఆ అంకె కొట్టేసి, వేరే అంకె వేసి, సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం చిన్నప్పటిలాగే చెల్లెలికి ముద్ద పెడుతోంది. మిగిలిన రెండు వేళ్ళతో కత్తి పట్టలేదని ఫ్యాక్టరీ వాళ్ళు అప్పటికే రావద్దన్నారు.

"నాలుగు బస్సులూ మళ్ళీ వేస్తున్నారటగా అక్కా. మా గీతకి ఎంతమందిని వేశావు?"

"నాలుగు వందల పదకొండు."

"ఆ రోజు పన్నెండు కదా?"

"ఆ రోజు నువ్వున్నావే" అని గీతలమ్మ బావురుమంది.