తాళం వేయని షెడ్డు

మొన్న శుక్రవారం రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, చిన్నాయన పోయినాడు" అన్నాడు మా తమ్ముడు. "యాడికి?" అన్నాను. అర్థమయ్యాక కూడా, వంటింట్లోకి ఏ పని మీద వచ్చానో గుర్తురాక అట్లాగే నిలబడిపోయాను.

మా నాన్న తమ్ముడాయన. గిరగిరా తిరిగే కర్రకు ఉలి ఆనించి నునుపు తేల్చే తరిమెన పని ఆయనది. కువైట్‌లో, అమ్ఘరా తుక్కు యార్డుల మధ్య ఒక రేకుల షెడ్డులో ఒక్కడే పని చేసుకునేవాడు. మంచం కోళ్లు, మెట్ల పక్క కడ్డీలు, చేతికర్రలు. ముందుగా కాగితం మీద బొమ్మ గీసుకోడు. వాడేవాళ్ల చెయ్యి చూడాలనేవాడు. చెక్కిన ముక్కను కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమేవాడు, వేలు ఆగిన చోట మళ్లీ ఉలి పెట్టేవాడు. నగిషీ ఎక్కువ కావాలంటే, "ఒక గీత చాలు. రెండోది నా గొప్పకు" అనేవాడు.

ఇరాక్ సైన్యం వచ్చిన వేసవిలో నేను జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తున్నాను. ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలిచేదాన్ని. వీధిలో తిరిగే ట్యాంకులు ఎవరివో మొదట మాకు తెలియలేదు. రేడియో ఒకటి చెప్పేది, పక్కింటివాళ్లు మరొకటి. ఆ గందరగోళంలోనే మామా అత్తగారి చేతికర్ర విరిగింది. అది లేనిదే ముసలామె మంచం దిగలేదు. అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. మామా నన్ను డ్రైవర్‌తో షెడ్డుకు పంపింది. చిన్నాయన విరిగిన ముక్కలు కలిపి పొడుగు చూసుకున్నాడు. పిడి కోసం మాత్రం, ముసలామె చేత రొట్టెల పిండిముద్ద గట్టిగా పిసికించి తెమ్మన్నాడు. వేళ్ల గుంటలు పడిన ఆ ముద్దను ఎదురుగా పెట్టుకుని చెక్కాడు.

కర్ర తీసుకోవడానికి పోయిన రోజు షెడ్డులో ఇద్దరు ఇరాకీ సైనికులున్నారు. వాళ్ల కాపలా చోట కుర్చీ కాలు విరిగిందట. చిన్నాయన కొత్త కాలు చేస్తున్నాడు. కళ్లు మూసుకుని, అదే బొటనవేలితో తడుముతున్నాడు. వాళ్లు వెళ్లాక అడిగాను.

"వాళ్లకెందుకు ఇంత బాగా చేస్తివి?"

"బాగలేకుండా ఎట్ల చేయాల్నో నాకు తెలీదు పాపా."

భయమా, మంచితనమా, మొండితనమా, నాకు అంతుపట్టలేదు. ముసలామె కర్రా, వాళ్ల కుర్చీ కాలూ ఒకే దుంగలోంచి వచ్చాయి. ముసలామె కొత్త పిడి పట్టుకుని లేచి నిలబడినప్పుడు నాకు సంతోషించాలో వద్దో తెలియలేదు.

తరువాత మనవాళ్లంతా బస్సులెక్కి వెళ్లిపోవడం మొదలైంది. మామా నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "యల్లా, రూహీ" అంటూ వెళ్లమని మొహం తిప్పుకుంది. చిన్నాయన కదలనన్నాడు. నేను షెడ్డుకు పోయి, నువ్వు రాకుంటే నేనూ పోనని గడపలో కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన మిషను ఆపాడు. గుడ్డతో తుడిచి, తిరిగే చోటల్లా నూనె వేసి, తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చాడు.

"తాళం?" అన్నాను.

"తాళమేస్తే పగలగొడతారు. తలుపు పగలగొట్టినోడు మిషన్ను గూడా పగలగొడతాడు."

ఎవరి కోసం నూనె వేశాడు? ఈ రోజుకీ నాకు తెలియదు. యుద్ధం ముగిశాక ఆయన తిరిగి పోయి చూస్తే మిషను కింది సిమెంటు దిమ్మె మాత్రమే మిగిలి ఉంది. తీసుకుపోయినవాళ్ల మీద కోపం లేదా అంటే, "యాడన్నా తిరుగుతాంటే చాలు" అన్నాడు. రాయచోటిలో ఇంకో మిషను పెట్టుకుని, చెయ్యి వణికేదాకా పనిచేశాడు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా, బస్సులు దిగి ఇండియా విమానం కోసం మేము ఎదురుచూసిన జోర్డాన్ సరిహద్దు ఎడారి కళ్లముందుకొస్తుంది. మాకిచ్చిన గుడారం గుంజ ఇసుకలో నిలవడం లేదు. చిన్నాయన దాన్ని రెండు పాదాల మధ్య బిగించి, ఎవరినో అడిగి తెచ్చిన కూరగాయల కత్తితో మొన తీస్తున్నాడు. చుట్టలు చుట్టుకున్న చెక్కపొట్టు గాలికి లేచి, నీళ్ల ట్యాంకరు ముందు నిలబడిన మా వరుస వైపు దొర్లుకుంటూ వస్తోంది.