వెర్లీన్ చెప్పిన వెంట్రుకల తీగ పాఠం

వెర్లీన్ స్క్రగ్స్ పగబట్టిందంటే అమెరికాలోని ఓజార్క్ కొండల్లో పాములు కూడా పక్కకి తప్పుకుంటాయని చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధం. పాములు తప్పుకోవు. ఆమే వాటిని పట్టుకుని గాజు సీసాలో వేస్తుంది, పిల్లలకి చూపించి మళ్ళీ వదిలేద్దామని.

చిన్నప్పుడు ఆమెకి బడి అచ్చిరాలేదు. ఏ టీచరో పాపం తెలియక కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఆ ఏడాదంతా వెర్లీన్ నల్లబల్ల వైపు చూస్తే ఒట్టు. ఉడతలెన్ని, అవి ఎక్కడ ఏం దాచాయి, ఏ ఉడత ఏ ఉడత సొత్తు కొట్టేసింది, అన్నీ చెప్పేది. పరీక్షలో మాత్రం ఉడతల మీద ప్రశ్న రాలేదు. అందుకే పెళ్ళయి టాంజీ, ఎమ్మెట్ పుట్టాక, వాళ్ళని బడికి పంపేది లేదని, చదువు తనే చెబుతానని తేల్చేసింది.

మొగుడు రాయ్స్ కలప మిల్లు మనిషి. నోరు తక్కువ. ఆ రోజు మాత్రం కాఫీ కప్పు దించి, "నువ్వేం చెబుతావే? నీకు ఎక్కాలు ఏడు దగ్గర ఆగిపోతాయిగా!" అన్నాడు.

"ఏడు దాకా నేను చెబుతా. అక్కణ్ణించి కోళ్ళు చెబుతాయి. నువ్వు రంపం సంగతి చూసుకో."

కోళ్ళు చెప్పాయి కూడా. గుడ్లు అట్టపెట్టెల్లో సర్దుతూ సర్దుతూ పిల్లలు పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పేవాళ్ళు. మొక్కజొన్న రొట్టె కోసుకుంటూ భిన్నాలు నేర్చుకున్నారు. తప్పు చెప్పినవాడికి చిన్న ముక్క, అంతే శిక్ష. కొట్టంలో గుడ్లగూబ కక్కిన ఉండలు విప్పి, అందులో దొరికిన ఎముకలు అట్ట మీద అతికించి ఎలుకని నిలబెట్టారు. చెట్టు నీడ కొలిచి చెట్టు ఎత్తు చెప్పేవాళ్ళు. వాగులో రాళ్ళు తిరగేసి ఎండ్రకాయలకి పేర్లు పెట్టేవాళ్ళు. ఒక ఎండ్రకాయకి పాస్టరుగారి పేరు పెట్టారని చర్చిలో పెద్ద గొడవే అయింది.

ఆ లోయలో ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పుకునే కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి. అందరూ చర్చి హాల్లో కలుసుకునేవాళ్ళు. ఒకరు లెక్కలు, ఒకరు సంగీతం, ఒకరు కుట్టుపని. శుక్రవారం మాత్రం వెర్లీన్‌ది. శుక్రవారమంటే బయటి బడి. తల్లులు, పిల్లలు, చంకలో బిడ్డలతో సహా అందరూ ఆమె వెనకాల అడవిలో పడేవాళ్ళు. వెర్లీన్ జీవితంలో గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది ఆ శుక్రవారం ఒక్కటే. దాని కోసం గురువారం సాయంత్రమే బూట్లకి నూనె రాసుకుని కూర్చునేది.

ఈ సంఘానికి పెద్ద కార్లెటా మౌల్డర్. గాలివాన వచ్చి చర్చి కప్పు లేచిపోయినా కార్లెటా జుట్టులో ఒక్క వెంట్రుక కదలదు. ఆమె లెక్కలో పాఠమంటే ప్లాస్టిక్ తొడిగిన అట్ట. ఆకులకో అట్ట, పిట్టలకో అట్ట, మంచి నడవడికకో అట్ట.

ఇక అసలు గొడవ పుట్టగొడుగుల దగ్గర మొదలైంది. ఓక్ చిగురు ఉడత చెవంత అయ్యేసరికి ఆ కొండల్లో మొరెల్ అని ఒక పుట్టగొడుగు లేస్తుంది. తేనెపట్టు ముక్కని పుల్లకి గుచ్చినట్టుంటుంది. దాన్ని పిండిలో పొర్లించి వెన్నలో వేయిస్తే ఆ వాసనకి కోర్టులో కొట్టుకునే అన్నదమ్ములు కూడా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అక్కడ మనిషిని వయసెంత అనడగొచ్చు, అప్పెంత అనడగొచ్చు, మొగుడితో పడుతోందా అని కూడా అడగొచ్చు. మొరెల్ ఎక్కడ దొరికిందని మాత్రం అడక్కూడదు. అడిగితే పాస్టరుగారు కూడా బైబిలు చేత్తో పట్టుకునే అబద్ధం చెబుతారు. తండ్రి చచ్చిపోయే ముందు పెద్ద బిడ్డని పిలిచి, పొలం సంగతి తర్వాత, ముందు మొరెల్ చోటు చెబుతాడు. వెర్లీన్‌కి వాళ్ళ నాన్న అలాగే చెప్పాడు. వాగు అవతల, ఎండిపోతున్న ఎల్మ్ చెట్ల కింద.

వెర్లీన్ చేసిన పిచ్చిపని ఏమిటంటే, ఒక వసంతంలో ఆ చోటు పిల్లలందరికీ చూపించింది. అంత మంచి పాఠం కళ్ళ ముందుంటే దాచుకోవడం ఆమెవల్ల కాలేదు. కింద ఆకు కదపకుండా, పుట్టగొడుగుని వేలితో గిల్లి ఎలా తీయాలో, దాని విత్తనపు దుమ్ము దారంతా రాలేట్టు ఉల్లిపాయల వలసంచిలో ఎందుకు వేసుకోవాలో, అన్నీ నేర్పింది. చివర్న తల్లులందరి చేతా చెయ్యెత్తించి ఒట్టు పెట్టించింది.

అందరికన్నా ఎత్తుగా చెయ్యెత్తింది కార్లెటా.

మరుసటి వసంతంలో వెర్లీన్ పిల్లల్ని తీసుకుని వెళ్ళేసరికి ఎల్మ్ చెట్ల కింద నేల గొరిగేసినట్టుంది. ఇనుప పళ్ళచీపురుతో ఆకంతా లాగేశారు. వేళ్ళు బయటపడ్డాయి. ఒక్క మొరెల్ లేదు. ఎమ్మెట్ మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. టాంజీ మట్టిలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ అట్ట తీసింది. దాని మీద 'సహనం' అని రాసి ఉంది.

అదే వారం చర్చిలో మొరెల్ విందు. ఏటా ఎక్కువ మొరెల్ తెచ్చిన ఇంటికి చర్చివాళ్ళ పెద్ద ఇనప పెనం ఇస్తారు. మరుసటి ఏడు విందు దాకా అది వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆ ఏడు కార్లెటా నాలుగు సంచులు మోసుకొచ్చింది. పెనం అందుకుని, గొంతు సవరించుకుని, "ఇది మా కుటుంబం పటాలు చూసి, నేల పరీక్షించి, సొంతంగా కనిపెట్టిన చోటు. దీన్నే చదువంటారు. కొంతమంది పిల్లల్ని అడవిలో గాలికి వదిలేసి దానికి బడి అని పేరు పెడుతున్నారు. దేవుడు వాళ్ళని క్షమించాలి. ఇకమీదట శుక్రవారం నేనే చూసుకుంటాను, కాస్త పద్ధతిగా," అంది.

జనం చప్పట్లు కొట్టారు. అక్కడ పెనం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి చప్పట్లు కొట్టడం అలవాటు.

చోటు నాది అని చెప్పాలంటే చోటెక్కడో విందుకొచ్చిన ఊరందరికీ చెప్పాలి. వెర్లీన్ పళ్ళు ఎంత గట్టిగా కొరికిందంటే పక్క బల్ల దగ్గర పాపాయి ఉలిక్కిపడి లేచింది. ఇంటికొచ్చి రాయ్స్‌తో, "దాని చేత అందరి ముందూ నిజం కక్కిస్తా. నా శుక్రవారం నేను తెచ్చుకుంటా. అప్పటిదాకా నా ముందు క్షమాపణ అన్న మాట ఎవరన్నా ఎత్తారో, వాళ్ళకి భోజనం లేదు," అంది. రాయ్స్ ఆ వారం ప్రార్థనలో కూడా ఆ మాట దగ్గర గొణిగి ఊరుకున్నాడు.

ఏడాది పాటు ఆ మంట చల్లారకుండా చూసుకుంది. శుక్రవారాలు చర్చి హాలు కిటికీలోంచి చూసేది, కార్లెటా పిల్లల్ని చర్చి పచ్చికలో వరసగా కూర్చోబెట్టి అట్టల మీద చెట్లు చూపించడం. వెనకాల నిజం చెట్లు నిలబడి ఉండేవి.

మళ్ళీ ఓక్ చిగురు వేసింది. పళ్ళచీపురు పెట్టి గీకిన చోట ఆ ఏడు ఏమీ మొలవలేదు. అది కార్లెటా కూడా వెళ్ళి చూసుకుంది. పెనం నిలబెట్టుకోవాలంటే కొత్త చోటు కావాలి. కొత్త చోటు ఎవరికి తెలుస్తుంది? వెర్లీన్‌కి. ఇక మౌల్డర్ల వ్యాను స్క్రగ్స్ ట్రక్కు వెనకాలే తిరగడం మొదలుపెట్టింది. ట్రక్కు పోస్టాఫీసు దగ్గర ఆగితే వ్యానుకీ ఉత్తరాల పని పడేది.

అద్దంలో వ్యాను కనిపించిన రోజు వెర్లీన్ ఏడాదిలో మొదటిసారి నవ్వింది.

"పిల్లలూ, ఈ వారం మన పాఠం పాంథర్ లోయలో," అంది.

"అక్కడ మొరెల్ ఉండదుగా అమ్మా?" అన్నాడు ఎమ్మెట్.

"లేదు. వేరేది ఉంది."

పాంథర్ లోయ పక్కన నిటారు బండ. పట్టుకుని ఎక్కడానికి చెట్ల మీద నుంచి తాళ్ళలాగా తీగలు వేలాడుతుంటాయి. ఒళ్ళంతా గోధుమరంగు వెంట్రుకలు, పట్టుకోడానికి భలే వీలు. అది పాయిజన్ ఐవీ, ముట్టుకుంటే ఒళ్ళంతా పొక్కులే. మన దూలగొండి దాని ముందు చందనంతో సమానం. ఆకుంటే పిల్లలైనా గుర్తుపడతారు, ఒక్కో కాడకి మూడేసి. కార్లెటా అట్ట మీద కూడా మూడాకుల బొమ్మే ఉంది. కానీ మొరెల్ కాలానికి ఆ తీగకి ఇంకా ఆకు రాదు. రసం మాత్రం నిండా ఉంటుంది.

వెర్లీన్ పిల్లలకి తీగ దూరం నుంచి చూపించి, వెంట్రుకలున్న తాడు పట్టుకోకూడదని నేర్పింది. సొంత తాడు కట్టి పైకెక్కించింది. పైన పైన్ కాయలేరి వలసంచుల్లో నింపారు. దూరం నుంచి చూస్తే పైన్ కాయకీ మొరెల్‌కీ తేడా వాటిని కన్న తల్లికి కూడా తెలియదు. ఆ సంచులు ట్రక్కు వెనకాల ఊగుతుంటే ఊరు మధ్యలోంచి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చింది.

టాంజీ ఒక్కత్తే మూతి ముడుచుకుంది. కార్లెటా కూతురు ఓపల్ ఆమె ప్రాణస్నేహితురాలు. "అమ్మా, ఓపల్‌ని కూడా తీసుకెళ్తుంది కదా వాళ్ళమ్మ."

వెర్లీన్ పగ కార్లెటా మీద గానీ పసిదాని మీద కాదు. పిల్ల ఒంటి మీద ఒక్క పొక్కు లేచినా తనకీ ఆ పళ్ళచీపురుకీ తేడా ఉండదు. అలాగని ఏడాది పాటు ఉడకబెట్టిన పగని పారబోయాలా? చివరికి, "రేపు సండే స్కూల్లో ఓపల్‌కి చెప్పు. వెంట్రుకల తీగ ముట్టుకోవద్దను. వాళ్ళమ్మకి కూడా చెప్పమను. నేను చెప్పించాను కాబట్టి నా మీద పాపం లేదు," అంది.

ఓపల్ బుద్ధిగా వ్యానులో తల్లికి చెప్పింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"టాంజీ. వాళ్ళమ్మ చెప్పమందంట."

కార్లెటా బ్రేకు తొక్కినంత పని చేసింది. "చూశావా! మనం రాకుండా భయపెడుతోంది! అంటే ఖాయంగా అక్కడే ఉన్నాయి. ఎన్ని సంచులున్నాయి మనింట్లో?"

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. ఓపల్ జేబుల్లోంచి చేతులు తీయకుండా కిందే నిలబడింది. కార్లెటా ఒక్కో తీగనీ రెండు చేతులతో కౌగిలించుకుని, చెంప ఆనించి ఊపిరి తీసుకుని పైకెక్కింది. చెమట తుడుచుకుంది. మెడ గోక్కుంది. పైకెక్కాక పొదల చాటుకి కూడా ఒకసారి వెళ్ళిందని, ఆ తర్వాత వారం దాకా కుర్చీలో సరిగ్గా కూర్చోలేదని క్లినిక్ నర్సు ఎవరికీ చెప్పొద్దని చెప్పి ఊరందరికీ చెప్పింది. మొరెల్ మాత్రం ఒక్కటి దొరకలేదు.

విందు రోజు రానే వచ్చింది. పెనం తిరిగివ్వాలంటే కిందటేడు గెలిచినవాళ్ళే తేవాలి, మొదటి వాయి వాళ్ళే వేయించాలి. ఎగ్గొట్టడానికి లేదు. కార్లెటా వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, రెండోది సన్నటి గీత. పెదాలు రెండు పెద్ద చిక్కుడుకాయలు. చేతుల నిండా పొక్కులు, వాటి మీద గులాబీరంగు మందు.

"ఏమైంది సిస్టర్? దోమలా?" అన్నారు పాస్టరుగారు.

"అలర్జీ," అంది కార్లెటా.

ఆ కొండల్లో పుట్టినవాళ్ళకి ఆ దద్దుర్లు చెప్పక్కర్లేదు. ఏప్రిల్లో, మొరెల్ కాలంలో ఆ ముఖం వచ్చిందంటే ఎవరి లోయలోనో దొంగతనంగా దూరినట్టే.

వెర్లీన్ లేచింది. పంచదార కలిపిన నిమ్మరసంలాంటి గొంతుతో, "సిస్టర్ కార్లెటా, నిరుడు మీరెంత బాగా చెప్పారు! ఈ ఏడు మీ కుటుంబం ఏ పటాలు చూసి కనిపెట్టిందో, మా పిల్లలకి కూడా చెప్పండి," అంది.

కార్లెటా వాచిన పెదాలు విప్పబోయింది. అబద్ధం చెప్పడం తెలియని పిల్ల ఓపల్, తల్లి సాయానికి లేచింది. "పటాలు చూళ్ళేదు మిస్ వెర్లీన్. మీ ట్రక్కు వెనకాలే వచ్చాం. నిరుడు కూడా మీరు చూపించిన చోటికే వెళ్ళాం. అమ్మ నన్ను సీటు కింద దాక్కోమంది."

ముందు ఎవరో దగ్గారు. తర్వాత పకపకమన్నారు. ఆ నవ్వుకి కిటికీ అద్దాలు మూడు పగిలాయని కొందరు, నాలుగని కొందరు. తర్వాత నవ్వాగిపోయి కోపాలొచ్చాయి. ఒట్టు తప్పిన మనిషి మనకొద్దు, మౌల్డర్లని సంఘంలోంచి తీసేయండని కేకలు. అందరిలోకీ పెద్దావిడ ఇడెల్లా మామ్మ కర్ర నేలకేసి కొట్టి, "శుక్రవారం వెర్లీన్‌ది. దీన్ని ఏం చెయ్యాలో కూడా అదే చెబుతుంది," అంది.

ఓపల్ ఏడుపు ముఖంతో టాంజీ చెయ్యి పట్టుకుని నిలబడింది. వెర్లీన్ ఆ ఇద్దరినీ చూసింది.

"తీసేయొద్దు. ఓపల్ ఎక్కడికి పోతుంది? మౌల్డర్లు ఉంటారు," అంది.

"ఎంత గొప్ప మనసమ్మా నీది!" అన్నారు ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ. రాయ్స్ మాత్రం పెళ్ళాం ముఖం చూసి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"కాకపోతే, నా మొదటి శుక్రవారానికి సిస్టర్ కార్లెటా నాకు కాస్త సాయం చెయ్యాలి."

మొదటి శుక్రవారం చర్చి పచ్చిక మీద, పిల్లలందరూ భూతద్దాలు పట్టుకుని వరస కట్టారు. మధ్యలో మడత కుర్చీలో కార్లెటా, చొక్కా చేతులు భుజాల దాకా మడిచి. వెర్లీన్ ఒక పుల్లతో చూపిస్తోంది. "తీగ రాసుకున్న చోట గీతలాగా లేస్తుంది చూడండి. ఇక్కడ కౌగిలించుకున్నారు. ఇక్కడ చెమట తుడుచుకున్నారు. ముట్టుకోవద్దు, అది మర్యాద కాదు. చూసి బొమ్మ గీయండి."

ఎమ్మెట్ స్కేలు పట్టుకుని వంగాడు. "మిస్ కార్లెటా, కాస్త కదలకండి. ఈ పొక్కు కొలవాలి."

"ఇంకెంతసేపు వెర్లీన్?" అంది కార్లెటా పళ్ళ సందుల్లోంచి.

"చిన్నపిల్లలు ఇంకా చూళ్ళేదు సిస్టర్. అటు తిరగండి. ఇప్పుడు మెడ."