తొలినాటి గాంభీర్యం

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ మణిశంకర్ గారు రోజూ సాయంత్రం స్నానం చేసి, విభూతి పెట్టుకుని, టేపురికార్డరులో ఒక జపాను గాయకుడి పాటలు వింటారు. బ్యారేజీ చూడవచ్చిన జపాను ఇంజనీరొకాయన ఇచ్చిపోయిన పాత క్యాసెట్లవి. ఆ భాష ఒక్క ముక్క రాదు గనక అభిప్రాయాలకు అడ్డులేదు. ఈ భూమండలంలో, అంటే రాజమండ్రికి ఇవతల, ఆ గాయకుడికి అభిమానులు ఇద్దరే: ఈయనా, పక్కవీధి లెక్కల మాస్టారు విశ్వపతి గారూ. మాస్టారు కొత్త పాటల సీడీలు తెప్పించి తమ ఇంట్లో వినిపించిన రోజున ఆ అభిమాన సంఘం నిట్టనిలువునా చీలిపోయింది.

"తొలినాటి ఆ గంభీరమైన గొంతు పీలగా అయిపోయిందండి. డబ్బు రుచి మరిగాడు," అన్నారు మణిశంకర్ గారు.

"ఆయన గొంతు మొదట్నించీ అంతేనండి. గాంభీర్యమంతా మీ చెవుల్లో ఉంది," అన్నారు మాస్టారు.

ఇరవయ్యేళ్ల స్నేహం అక్కడితో సరి. మాస్టారి భార్య పోయిన రోజు కూడా మణిశంకర్ గారు ఆ గుమ్మం తొక్కలేదు.

మొన్న టేపురికార్డరు ఆగిపోతే రిపేరు చేసే అబ్బులు దగ్గరికి పట్టుకెళ్లారు.

"బెల్టు సాగిపోయిందండి. ఎన్నేళ్లనించో నెమ్మదిగా తిరుగుతూ గొంతులు లావు చేస్తోందిది. కొత్తది వేశాను, వినండి," అంటూ అబ్బులు పాత క్యాసెట్టు పెట్టాడు.

సీడీలోని ఆ పీలగొంతే హుషారుగా అందుకుంది. మణిశంకర్ గారు పాట అయిపోయేదాకా నిలబడి విన్నారు. ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. మాస్టారి నంబరు ఆయనకు కంఠతా వచ్చు.

"పాత బెల్టు పారేశావేంటి?"

"లేదండి, ఇదిగో."

"అదే వెయ్యవయ్యా."