రెండు త్రెడ్ల స్టాన్లీ

బోల్టు కనబడితే చాలు, మా స్టాన్లీ కళ్ళు దాని కొస మీదే ఉంటాయి. నట్టు బిగించాక కొసన రెండు త్రెడ్లు, అంటే రెండు మరచుట్లు, బయటికి రావాలి. రాకపోతే ఆ పూట అతనికి అన్నం సహించదు. మనకీ సహించనివ్వడు.

అనకాపల్లి చుట్టుపక్కల కొత్త మిషను ఎక్కడ బిగించినా ఫోర్‌మన్ అతనే. కె. కోటపాడులో ఓ పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు పట్టుకుని వేదికెక్కి, పెళ్ళికొడుకు కుర్చీ కిందికి వంగాడు.

"ఓపాలి లెగు బాబూ. బోల్టు నట్టులో మునిగిపోనాది."

ఆ పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ పెళ్ళికొడుకు నిలబడే ఉన్నాడు.

"త్రెడ్లు ఇంకా ఎక్కువుంటే మంచిదే కదా?" అనడిగాను ఓసారి.

"ఆరు కనబడితే అది పొగరు బావా. మునిగితే సగం నట్టే పట్టుకుంటాది. మిషను వణుకుడికి ఊడిపోద్ది. కింద మనిసుంటాడు, సూసుకోవాలి కదేటి?"

2006లో ఓ చెరకు మిల్లులో పని. నేను స్టోర్‌కీపర్ని. అప్పటికే రెండుసార్లు తప్పు సామాను ఇచ్చాను. మూడోసారి జరిగితే ఇంటికే అన్నాడు ఇంజనీరు అరుణ్ కుమార్. ఇంట్లో చూస్తే నెల నిండని పాప.

కన్వేయర్ మోటారు స్టార్ట్ చేసే రోజు రానే వచ్చింది. స్టాన్లీ వంగి బోల్టు మీద వేలు పెట్టాడు.

"ఆపండెహె!"

నాలుగు బోల్టులూ నట్టులో మునిగి ఉన్నాయి. మూడంగుళాలవి అడిగితే, పక్క డబ్బాలోంచి రెండున్నరవి తీసిచ్చిన మహానుభావుణ్ణి నేనే.

"ఎవరిదీ తప్పు?" అన్నాడు అరుణ్ కుమార్.

"నాదే సార్," అన్నాడు స్టాన్లీ. "పొడుగు రాసినప్పుడు వాషర్ల మందం కూడడం మర్సిపోనాను."

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. వాషర్ల మందం మర్చిపోయిన వాళ్ళని ఇరవై ఏళ్ళుగా ఆడిపోసుకుంటున్న మనిషి!

"మీరా? ఏదీ, సామాను కావాలని మీరు రాసిచ్చిన ఇండెంటు చూస్తాను పదండి."

నేను స్టోరుకి పరిగెత్తేసరికి స్టాన్లీ నాకంటే ముందే అక్కడున్నాడు. ఇండెంటు పుస్తకంలోంచి, తన చేత్తో 'మూడంగుళాలు' అని రాసిన కాగితం, దాని కింది నకలుతో సహా పర్రున చింపి, నోట్లో కుక్కుకున్నాడు.

అరుణ్ కుమార్ వచ్చాడు. పుస్తకంలో చిరుగు చూశాడు. స్టాన్లీ బుగ్గ చూశాడు.

"ఏం తింటున్నారు?"

"కిల్లీ సార్."

ఇంజనీరు నవ్వు బిగబట్టుకుని, "తొందరగా బోల్టులు మార్చండి," అని వెళ్ళిపోయాడు.

స్టాన్లీ గుటుక్కున మింగాడు. అంతటి మనిషి తన పేరు నాకోసం నేలపాలు చేసుకున్నాడని నాకు ఏడుపొచ్చేసింది. చేతులు పట్టుకోబోయాను.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు మంచినీళ్ళియ్యి బావా," అన్నాడు నల్లటి పళ్ళతో. "కంగారులో మధ్యనున్న కార్బన్ కాయితం కూడా మింగేసేను."