కరెంటు పోయిన చోట ఆగిన సినిమా

పోయిన వారం గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే బస్సులో కూర్చుని, ఒక పాత బ్లాక్ అండ్ వైట్ హాస్యచిత్రం ఫోనులో చూస్తూ ఏడ్చాను. నవ్వించే సినిమాకి ఏడవడం మా ఇంట్లో కొత్తేమీ కాదుగానీ, అందుకు పక్కన కనీసం ఒక మిరపకాయల బస్తా ఉండటం మాకు అలవాటు, బస్సులో ఆ సాకు కూడా లేకపోయేసరికి పక్క సీటు పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది. కరెంటు పోయిందండీ అందామనుకున్నాను. అది నా ఎనిమిదో ఏట పోయిన కరెంటు కాబట్టి ఊరుకున్నాను.

ఆ సినిమా నేను అప్పుడే చూశాను, ఒక్క ముగింపు తప్ప. ఊరూరా తిరిగి మూలికలు అమ్మే మోసగాడు ఒకడు, వాడికి దారిలో తగులుకున్న దిక్కులేని పిల్ల ఒకతె. పిల్ల కుంటుతూ వస్తుంది, వాడు వేరు అరగదీసి కాలికి రాస్తాడు, పిల్ల కర్ర పారేసి పరుగెడుతుంది, జనం ఎగబడి కొంటారు. ఒక ఊళ్లో పిల్ల మర్చిపోయి రెండో కాలు కుంటుతుంది. నిన్న ఎడమకాలు కదా అని ఒక ముసలాయన అడిగితే, రోగం భయపడి పక్క కాల్లోకి పారిపోయిందని మోసగాడు తొణక్కుండా చెబుతాడు. ఆ నటుడు మొహంలో ఒక్క నరం కదపకుండా ఆ మాట అన్న తీరు ఇప్పటికీ గొప్పగానే ఉంది. పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేలా చేయడం చాలామందికి వచ్చు, నవ్వుతున్నవాడి గుండె గుప్పిట్లో పెట్టుకోవడం కొద్దిమందికే వస్తుంది.

ఇక మా సంగతి. నాకు ఊహ తెలిసేసరికి అమ్మ లేదు. నాన్న అంతకు ముందే ఒంగోలు బస్సెక్కాడు, ఆ బస్సు ఇంకా తిరిగి రాలేదని అమ్మమ్మ అనేది. నన్ను పెంచింది అమ్మమ్మా, మామయ్యా. అమ్మమ్మ చిలకలూరిపేట శివార్లలోని మిర్చి షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకి పెద్ద. మామయ్య వీడియో షాపులో పనిచేసేవాడు. వచ్చిన క్యాసెట్టునల్లా ముందు తను తిప్పి చూసి, అరిగిందో లేదో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ క్యాసెట్లు ఆడించే డెక్కు అంటే ఏమిటో మన వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు. అది అద్దెకి వచ్చిన ఇంటికి చుట్టాల కళ వచ్చేది.

ఆ వేసవిలో కాయ విపరీతంగా పండింది. కూలీలు ఏ షెడ్డుకి పోతారో తెలియక షావుకార్లు తలలు పట్టుకుంటుంటే, మా షావుకారుకి మామయ్య ఒక ఉపాయం చెప్పాడు. తొడిమ తీయడానికి చేతులు చాలు, కళ్లతో పని లేదు, కాబట్టి ఆ కళ్లకి ఒక సినిమా చూపిస్తే జనం వాళ్లే వస్తారని. వచ్చారు. అమ్మమ్మ రోజూ చేయబోయే పాపానికి ముందుగానే క్షమాపణ అడుగుతూ చిన్న ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాకే క్యాసెట్టు పెట్టనిచ్చేది. కాయల ఘాటుకి అందరి కళ్లూ కారుతూనే ఉండేవి గనక, ఎవరు సినిమాకి ఏడుస్తున్నారో, ఎవరు మిరపకాయకి ఏడుస్తున్నారో దేవుడికి తప్ప తెలిసేది కాదు. అంత సౌకర్యం ఉన్న సినిమా హాలు నేను మళ్లీ చూడలేదు. ఆనుకునే ఉన్న పత్తి జిన్నింగ్ మిల్లు చప్పుడుకి టీవీ గొంతు పూర్తిగా పెంచాల్సి వచ్చేది. షెడ్డుకీ మిల్లుకీ ఒకటే కరెంటు లైను. కరెంటు పోతే మిల్లూ, ఫ్యానూ, టీవీ ఒక్కసారే ఆగిపోయి తుమ్ములు మాత్రం మిగిలేవి.

అప్పటికే మామయ్యకి ఒక సంబంధం కుదిరింది. పిల్లవాడు నచ్చాడుగానీ వాడి వెంట ఉన్న పిల్ల నచ్చలేదని ఆడపెళ్లివారు చెప్పారట. బడి తెరవగానే నన్ను గుంటూరులో హాస్టల్లో వెయ్యాలని పెద్దలు తీర్మానించారు. ఈ సంగతి నాకు తెలియకూడదని అందరూ గుసగుసగా మాట్లాడుకునేవారు. ఒకటిన్నర గది ఇంట్లో గుసగుస అంటే దండోరాతో సమానమని వాళ్లకి తట్టలేదు. నేను ఏడవలేదు, షెడ్డులో ఆ మోసగాడి సినిమా వేసిన రోజున నాలో నేనే పందెం కట్టుకున్నాను. సినిమాలో మోసగాడు పిల్లని ఉంచుకుంటే మామయ్య నన్ను ఉంచుకుంటాడు, వదిలేస్తే నా పెట్టె సర్దుకోవడమే.

సినిమా చివరికొచ్చింది. మోసగాడు పిల్లకి తల దువ్వి, కొత్త గౌను వేసి, పిల్లల్లేని ఒక మంచి దంపతుల అరుగు మీద కూర్చోబెట్టాడు. నాకు ఆగలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మామయ్య వైపు తిరిగి, మిల్లు చప్పుడుని మించి, "మామయ్యా, వీడు ఆ పిల్లని వదిలేస్తాడా?" అని అరిచాను.

చేతులాగాయి. మా ఇంటి సంగతి ముఠాలో అందరికీ తెలుసు. మామయ్య నా వైపు చూశాడు, తర్వాత అమ్మమ్మ వైపు చూశాడు, బయటికి వెళ్లాడు. టీవీ ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. ఆయన తిరిగొచ్చి, కరెంటు పోయిందనీ, క్యాసెట్టు సాయంత్రంలోగా షాపులో ఇచ్చేయాలనీ, మిగిలిన కథ తనే చెబుతాననీ అన్నాడు. మిల్లు చప్పుడుకి వినబడక వెనక వరసలవాళ్లు తట్టలతో సహా ముందుకి జరిగారు.

ఆయన చెప్పిన ప్రకారం మోసగాడు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేశాడు, పిల్లని చంకనేసుకున్నాడు, మూలికల సంచి కాలవలో పారేసి హైవే మీద సోడా బండి పెట్టాడు, పిల్లని బళ్లో వేశాడు.

"పెళ్లి చేసుకోలేదా మరి వాడు?" అంది వెనక నుంచి ఒకామె.

"చేసుకున్నాడక్కా. పిల్లతో సహా రమ్మన్న అమ్మాయిని చేసుకున్నాడు."

"ఈ సినిమాలోనే?"

"ఇందులోనే. రెండో క్యాసెట్టు."

అమ్మమ్మ తల ఎత్తకుండా ఒక కాయ తొడిమ తీసి, "ఇంతమందిలో చెప్పావు, గుర్తుపెట్టుకో" అంది. ముందు వరసలో ఒకమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తుంటే అందరూ నవ్వారు. కాయ ఘాటుగా ఉందని ఆ అమ్మాయి చెప్పింది.

ఆ సంబంధం ఆ వారమే తప్పిపోయింది. నేను హాస్టలుకి వెళ్లలేదు. రెండేళ్ల తర్వాత ఆ ముందు వరస అమ్మాయే నాకు అత్తయ్య అయింది. ఆ రోజు ఏడుపుకి కారణం మిరపకాయేనని ఇప్పటికీ వాదిస్తుంది. ఆ సినిమా క్యాసెట్టు మాత్రం మళ్లీ షాపులో దొరకలేదు. ఎవరో తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదని మామయ్య చెప్పేవాడు.

పోయిన వారం బస్సులో అసలు ముగింపు చూశాను. వాడు పిల్లని అరుగు మీద వదిలేసే వెళ్లిపోయాడు. పిల్ల ఏడవబోతుంటే, దారిలో కుంటడం మొదలుపెట్టాడు, ఒకసారి ఎడమకాలు, ఒకసారి కుడికాలు. పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే వాడు మలుపు తిరిగిపోయాడు. అంత గొప్ప ముగింపు నేను తక్కువ సినిమాల్లో చూశాను, అయినా దాన్ని ఆ రోజు ఆ షెడ్డులో చూడనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. అప్పుడు తట్టింది. వెనక వరసలవాళ్లు ముందుకి ఎందుకు జరిగారు? మిల్లు ఆడుతూనే ఉంది.

బస్సు దిగకముందే మామయ్యకి ఫోను చేశాను.

"మామయ్యా, ఆ రోజు కరెంటు పోయిందన్నావు, మిల్లు ఆగలేదేం?"

ఇప్పుడాయన ఆటో నడుపుతున్నాడు, దాన్ని పక్కకి తీసి ఇంజను ఆపిన చప్పుడు వినబడింది.

"అప్పటి కరెంటు అంతేనే అమ్మా. ఇష్టమొచ్చిన చోట పోయేది" అన్నాడు. తర్వాత, "రెండో క్యాసెట్టు బాగుందా లేదా, అది చెప్పు."

బాగుందన్నాను.

ఇప్పుడు ఆ షెడ్డులో టీవీ లేదు. తొడిమలు తీసే ఆడవాళ్లు ఎవరి ఫోను వాళ్లు డబ్బా మీద నిలబెట్టుకుని, ఎవరి సినిమా వాళ్లు చూసుకుంటున్నారు. కరెంటు పోదు, పోయినా ఛార్జింగు ఉంటుంది, ఏ కథ అయినా తీసినవాడు తీసినట్టే చివరిదాకా ఆడుతుంది. మంచిదే. కాకపోతే ఏ పిల్లయినా గుమ్మం వైపు తిరిగి అలాంటి ప్రశ్న అరిస్తే, లేచి వెళ్లి ఫ్యూజు పీకడానికి ఎవరికీ దారి లేదు.