మార్తమ్మ కుడికన్ను

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. ఒకసారి ఇంటి వెనక చీకట్లో నిప్పు మిణుకుమంటోందని మా ఆవిడ హడలిపోతే, టార్చి పట్టుకొని వెళ్లి, పక్కింటాయన చాటుగా బీడీ కాలుస్తున్నాడని తేల్చి వచ్చిన మనిషిని. నారాయణఖేడ్‌లో ఎరువుల దుకాణం నడుపుతాను. కంటికి కనబడని సరుకు నేను కొనను, అమ్మను.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, నాకు ఇంకా తేలలేదు కాబట్టే.

మా ఊళ్లో ఒక సేవా క్లబ్బు ఉంది. ఏటా కంటి శిబిరం పెడతాం. పట్నం డాక్టర్లు వచ్చి చుట్టుపక్కల ఊళ్ల ముసలివాళ్లకు పరీక్షలు చేస్తారు. శుక్లాలు ముదిరినవాళ్లను సాయంత్రం దవాఖాన బస్సులో తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, మూడో రోజు తెచ్చి దింపుతారు.

యూసుఫ్ సాబ్ ఈ క్లబ్బులో ముప్పై ఏళ్లు ఉన్నాడు. దర్జీ పని. అధ్యక్షుడివి కమ్మంటే ఒక్కసారీ ఒప్పుకోలేదు. దండలు వేసే వేళకు కనబడడు, కుర్చీలు మోసే వేళకు అందరికన్నా ముందుంటాడు. ఆపరేషన్ చేయాల్సిన కన్ను ఏదో తెలియడానికి ఆ కనుబొమ్మ పైన చిన్న ప్లాస్టర్ ముక్క అంటిస్తారు. శిబిరంలో ఆ పని ఎప్పుడూ ఆయనదే.

చీటీలో డాక్టర్ కుడి, ఎడమ అని రాసే ఉంటుంది. అయినా ఆయన ఊరికే అంటించేవాడు కాదు. ఒక కన్ను మూయించి, వేళ్లు చూపించి ఎన్ని అని అడిగేవాడు. తర్వాత రెండో కన్ను. లైను కదలక నాకు ఒళ్లు మండేది.

"డాక్టర్ రాసిండు గదా సాబ్, జల్దీ కానియ్యి" అనేవాణ్ణి.

"రాసింది డాక్టరే. కన్ను గీ అవ్వది. ఆమెను గూడ అడగాలె గదా" అనేవాడు.

ఇంకో చాదస్తం కూడా ఉండేది. ప్లాస్టర్‌ను చేత్తో చింపనిచ్చేవాడు కాదు. తన దుకాణం నుంచి జిగ్‌జాగ్ కత్తెర తెచ్చుకొని, అంచు పళ్లు పళ్లుగా వచ్చేలా కత్తిరించేవాడు. అలా అయితే పీచు లేవదట. "దర్జీకి ప్లాస్టరైనా గుడ్డనే" అని మేం ఏడిపించినా వినేవాడు కాదు.

పోయిన ఏడాది యూసుఫ్ సాబ్ గుండె ఆగి చనిపోయాడు. క్లబ్బులో చాలామంది ఇక శిబిరం వద్దన్నారు.

"ఆయన లేకుంట మనతోని కాదు. జర అటుఇటైతే ముసలోళ్ల కండ్లు పోతయ్" అన్నాడు మా అధ్యక్షుడు.

నాకు కోపం వచ్చింది. "ఆయన పోయిండని ముసలోళ్ల కండ్లల్ల పొరలు ఆగుతయా? నేను చూస్కుంట" అన్నాను. ఒక్క పొరపాటు జరిగినా మళ్లీ శిబిరం మాట ఎత్తకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

శిబిరం రోజు పంతొమ్మిది మందికి ఆపరేషన్ అవసరమన్నారు. పద్దెనిమిది మందికి నేను కూడా వేళ్లు చూపించి, అడిగి, అంటించాను. నిజం చెప్పొద్దూ, మధ్యాహ్నానికే నా ఓపిక చచ్చింది. ముప్పై ఏళ్లు ఆ మనిషి ఎలా చేశాడో అనిపించింది.

పంతొమ్మిదో మనిషి కల్హేర్ నుంచి వచ్చిన మార్తమ్మ. డెబ్భై దాటిన వయసు, ఒంటరి మనిషి. కుడికంటికి శుక్లం పూర్తిగా కమ్మేసింది. ఎడమకంటితోనే వండుకొని తింటోంది. అవతల బస్సు డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. చీటీలో "కుడి" అని చూశాను. చేత్తో ఒక ముక్క చింపి, నా కుడిచేతి వైపున్న కనుబొమ్మకు అంటించి పంపేశాను. అడగలేదు, వేళ్లు చూపలేదు.

ఎదురుగా నిలబడితే నా కుడివైపు ఆమెకు ఎడమవైపు అవుతుంది. బడిపిల్లలకు కూడా తెలుసు.

అందరూ ఎక్కాక బస్సు పక్కన నిలబడి నర్సుకు పేర్లు చదివి వినిపించాను. "మార్తమ్మ, కుడి" అన్నాను. నర్సు బస్సెక్కింది, బస్సు కదిలింది. అప్పుడు వెలిగింది నాకు. కాగితాలు అక్కడే పడేసి, ఆపండని అరుస్తూ ఉరికాను. దవాఖానలో మళ్లీ పరీక్ష చేస్తారు, నిజమే. కానీ నాలాంటి తొందరగాడు అక్కడా ఒకడు ఉంటే ఆమెకున్న ఒక్క కన్నూ కత్తి కిందికి పోతుంది.

డిపో మలుపు దగ్గర బస్సు ఆగింది. ఎక్కి మార్తమ్మ ముందు నిలబడ్డాను. ప్లాస్టర్ ఆమె కుడి కనుబొమ్మ పైన ఉంది. ఎడమవైపు జిగురు మరక మాత్రమే ఉంది. వంగి చూశాను. ఆ ముక్క అంచు పళ్లు పళ్లుగా ఉంది.

"ఎవలు మార్చిండ్రు అవ్వా గిది?"

"ఎవలో బిడ్డా. బస్సు మెట్ల కాడ ఆపిండు. ఒక కన్ను మూస్కో, ఇవి ఎన్ని వేళ్లు అన్నడు. ఏం కనవడ్తలేదన్న. అయితే గిదే కన్ను అన్నడు. మావోడు జర తొందరపడ్డడు, ఏమనుకోకు అవ్వా అన్నడు."

"మొఖం చూసినవా?"

"ఎండ మొఖాన కొడుతుండె. కానరాలే."

నాకు భయం వేయలేదు. మావోడు అన్న మాటకు ఏడుపొచ్చింది. బస్సు నిండా జనం చూస్తుండగా ఏడ్చాను.

తర్వాత అందరినీ అడిగాను. క్లబ్బు వాళ్లెవరూ ఆమె జోలికి వెళ్లలేదు. మెట్ల దగ్గర నిలబడి ఎక్కించింది తానేననీ, ఆమెను ఎవరూ ఆపలేదనీ నర్సు చెప్పింది. శిబిరంలో ఉన్నవి మామూలు కత్తెరలే. మర్నాడు యూసుఫ్ సాబ్ ఇంటికి వెళ్తే ఆయన భార్య పెట్టెలోంచి గుడ్డమూట తీసి చూపించింది. "ఆయన పోయిన కాన్నుంచి గీ ముడి విప్పనే లేదు భాయ్" అంది. కత్తెర అందులోనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం బస్సు తిరిగొచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని పంతొమ్మిది మందీ దిగారు. పంతొమ్మిది మందికీ చూపు వచ్చింది. వద్దన్న అధ్యక్షుడే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, వచ్చే ఏడు ఇంతకు రెట్టింపు మందిని తేవాలని అక్కడికక్కడే ప్రకటించాడు. యూసుఫ్ సాబ్ ఉంటే ఆ వేళకు ఎక్కడో కుర్చీలు మడుస్తూ ఉండేవాడు.

ఆ ప్లాస్టర్ ఎవరు మార్చారో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. తేలినట్టు నటించడం నా వల్ల కాదు.

మార్తమ్మ అందరికన్నా ఆఖరున దిగింది. కల్హేర్ ఆటో దాకా నడిపిద్దామని చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆగి, నన్ను కింది నుంచి పై దాకా తీరిగ్గా చూసింది.

"చెయ్యి ఇడువు బిడ్డా" అంది. "నాకు కనవడ్తున్నది."