మాణిక్కం నేర్చుకున్న తెలుగు

మాణిక్కానికి తెలుగు నేర్పింది నేనే. అందుకు నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు.

వాళ్ళ నాన్న వేలాయుధం యాభై నాలుగులో మధుర నుంచి మా చోడవరం రైసుమిల్లుకు ఫిట్టరుగా వచ్చి, మా పక్కింట్లో దిగాడు. ఆయనకు అరవం తప్ప రాదు. మిషన్లతో పని కనక ఇంకో భాషతో అవసరమూ పడలేదు. భార్య చెల్లమ్మ గడప దాటేది కాదు. బజారుకైనా, పోస్టాఫీసుకైనా ఆ ఇంటికి నోరు పద్నాలుగేళ్ళ మాణిక్కమే. ఆరు నెలల్లో వాడు అచ్చం మాలాగే మాట్లాడేవాడు. అయితే ముందు నేర్చుకున్నవి బూతులు. చెరుకుతోటల వెనక వాడి ఈడు కుర్రాళ్ళం గోళీలాడుతూ ఒక్కొక్కటే నేర్పి, వాడు గట్టిగా అంటుంటే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆడదాని ఒంటి గురించి వాడికి తెలిసిన తెలుగంతా అదే.

మరుసటేడు చెల్లమ్మకు జబ్బు చేసింది. ఇరవై రోజులైనా ముట్టు ఆగలేదు. తనకూ మొగుడికీ తెలుగు రాదు. చేసేది లేక గోడవైపు తిరిగి, సిగ్గుతో చచ్చిపోతూ కొడుక్కే చెప్పి, ఆస్పత్రికి తీసుకెళ్ళమంది.

"ఏమిటి బాధ?" అన్నాడు డాక్టరు.

"రకతం పోతందండి" అన్నాడు మాణిక్కం.

"ఎక్కడ నుంచి?"

వెనక జనం నిలబడి ఉన్నారు. వాడికి తెలిసిన మాటలు రెండే, రెండూ మేం నేర్పినవే. కన్నతల్లిని పక్కన పెట్టుకుని వాటిని నోట్లోకి తెచ్చుకోలేకపోయాడు. "ముక్కులోంచండి" అన్నాడు, తల్లికి వినపడకుండా.

డాక్టరు ముక్కులో లైటు వేసి చూశాడు. వేడి చేసిందన్నాడు, మజ్జిగ తాగమన్నాడు. ఇక్కడ ఇలాగే చూస్తారు కాబోలనుకుని చెల్లమ్మ దణ్ణం పెట్టి వచ్చేసింది. కొడుకు అంతా చెప్పాడనే నమ్మకంతో తొమ్మిది రోజులు మజ్జిగ తాగింది. పదోరోజు పోయింది.

శవానికి స్నానం చేయిస్తూ ఆ నెత్తురు చూసిన మా అమ్మ రాజ్యం బయటికొచ్చి వాణ్ణి నిలదీసింది.

"నాకొక్క మాట సెప్తే నేనెల్లేదాన్ని కదరా. డాక్టరుకేటి సెప్పేవు?"

వాడు నావైపు తిరిగాడు.

"నువ్వు నేర్పిన మాటలే వచ్చురా నాకు. అవి మాయమ్మ మీద ఎలాగ అనీది?"

వాడి కోపం న్యాయమే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ జబ్బు మా అమ్మకే చేసి నేను తీసుకెళ్ళినా ముక్కులోంచనే చెప్పేవాణ్ణి. తెలుగువాడిగా పుట్టిన నాకూ అవి తప్ప వేరే మాటలు తెలియవు.